నోటు తిరగరాత: మూడేళ్ళ గడువు కథ



మా తాత పోయిన ఏడాది తర్వాత ఆయన ట్రంకుపెట్టె తెరిచాము. పైన ఒక పట్టుపంచె, దాని కింద పంచాంగాలు, అన్నిటికన్నా అడుగున దారంతో కట్టిన ఐదు కాగితాలు ఉన్నాయి. ఐదూ ప్రామిసరీ నోట్లే. ఒక్కొక్క నోటు మూల చింపి ఉంది. అంటే చెల్లిపోయిన నోటని గుర్తు. మాది బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నోట్లు మాత్రం తెలుగులోనే ఉన్నాయి. కింద రెవిన్యూ స్టాంపు మీద అడ్డంగా మా తాత చేవ్రాలు.

మొదటి నోటు 1961 జూన్ 14వ తేదీది. ఎద్దు కొనడానికి 300 రూపాయలు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. రెండోది 1964 జూన్ 10వ తేదీది, 408 రూపాయలకు. మూడోది 1967 జూన్‌లో 554 రూపాయల 88 పైసలకు. నాలుగోది 1970లో 754 రూపాయల 64 పైసలకు. ఐదోది 1973లో 1,026 రూపాయల 31 పైసలకు. మొదట చూసినప్పుడు తాత ఐదుసార్లు అప్పు చేశాడనుకున్నాను. లెక్క వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. అప్పు ఒక్కటే. మూడేళ్ళకోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకున్నారు. పాత నోటు మూల చింపి తాత చేతికిచ్చారు. 300కు రూపాయి వడ్డీ చొప్పున పన్నెండేళ్ళకు బారువడ్డీ కడితే 732 రూపాయలే కావాలి. నోట్ల లెక్కలో 1,026 అయింది. తేడా 294. తాత చేతికి వచ్చిన అసలు 300 అయితే, తిరగరాతలు తిన్నది దానికి ఆరు రూపాయలు తక్కువ.

సరిగ్గా మూడేళ్ళకే ఎందుకు తిరగరాయించారు? నాలుగో ఏడో, ఐదో ఏడో ఎందుకు కాలేదు? ఆ మూడేళ్ళ గడువు ఎక్కడినుంచి వచ్చింది, అది ఎవరిని కాపాడింది, ఎవరిని ముంచింది అన్నదే ఈ నాటి ప్రసంగం.

మన వైపు పల్లెల్లో "కాలదోషం పట్టిన నోటు" అనే మాట వినని వారుండరు. అప్పు ఇచ్చినవాడు ఒక గడువులోపల కోర్టులో దావా వేయాలి. వేయకపోతే కోర్టు ఆ దావాను కొట్టివేస్తుంది. అప్పులకు ఆ గడువు సాధారణంగా మూడేళ్ళు. షావుకార్లు ఈ లెక్కను మన పంచాంగకర్తలు గ్రహణాలు లెక్కించినంత జాగ్రత్తగా లెక్కించేవారు. మా తాత రెండో నోటు గడువుకు నాలుగు రోజుల ముందే రాయించారు చూడండి.

మన పాత ధర్మశాస్త్రాల చూపు వేరుగా ఉండేది. మిగతా హద్దుల మాట ఎలా ఉన్నా, వడ్డీకి మాత్రం అవి గట్టి హద్దు పెట్టాయి. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు. నూరు ఇచ్చినవాడు నూటికి నూరు మాత్రమే వడ్డీగా అడగాలి, అంతకుమించి కాదు. దీనికే దామ్‌దుపట్ అని పేరు. భూమిని ఇరవై ఏళ్ళు, చరాస్తిని పదేళ్ళు ఇంకొకడు అనుభవిస్తుంటే చూస్తూ ఊరుకున్నవాడి గతి ఏమిటన్న చర్చ యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది. అప్పు విషయంలో మాత్రం బరువు తరాల మీదికి పాకేది. తండ్రి అప్పు కొడుకు వడ్డీతో తీర్చాలి. తాత అప్పు మనుమడు వడ్డీ లేకుండా అసలు మాత్రం తీర్చాలి. జూదానికీ తాగుడుకూ చేసిన అప్పులు కొడుకుకు అంటవు.

ఆ స్మృతికి వ్యాఖ్యానం మితాక్షర. రాసినవాడు విజ్ఞానేశ్వరుడు. ఆయన ఉన్నది కళ్యాణి చాళుక్య విక్రమాదిత్యుడి కాలంలో. ఆ కళ్యాణి ఈనాటి బసవకల్యాణ, బీదరు జిల్లాలో ఉంది. అక్కడికి తెలంగాణ సరిహద్దు దగ్గరే. ఆ పుస్తకాన్నే పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయం అని పేరు పెట్టాడు. కన్నడ దేశంలో పుట్టిన సంస్కృత న్యాయగ్రంథం తెలుగులో పద్యమైంది. సరిహద్దు మనుషులకు ఇలాంటి సంగతులు కొంచెం గర్వంగానే ఉంటాయి, చెప్పకుండా ఉండలేకపోయాను.

కుంఫిణీ వాళ్ళు వచ్చాక లెక్క మారింది. 1800లో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కుంఫిణీకి ఒప్పజెప్పాడు. అందుకే వీటికి దత్తమండలాలని పేరు. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. మద్రాసు ప్రభుత్వం 1802లో చేసిన రెండో రెగ్యులేషన్‌లో దావాలకు 12 ఏళ్ళ గడువు పెట్టారు. బెంగాల్లో 1793లోనే ఆ 12 ఏళ్ళు వచ్చాయి. అటు మద్రాసు, బొంబాయి, కలకత్తా పట్టణాల్లో ఉన్న ఇంగ్లీషు కోర్టులకు వాళ్ళ దేశంలో 1623లో చేసిన చట్టం ఆధారం. దాని ప్రకారం మామూలు అప్పుకు ఆరేళ్ళు. అంటే ఒకే రాష్ట్రంలో పట్టణంలో ఒక గడువు, పల్లెలో ఒక గడువు.

పన్నెండేళ్ళు అంటే ఎక్కువేనని ఇప్పుడు మనకు అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో షావుకారుకు తొందర ఉండేది కాదు. పంట బాగా వచ్చిన ఏడు కొంత జమ, రాని ఏడు ఓర్పు. మన్రో 1816లో తెచ్చిన ఏర్పాటులో గ్రామ మునసబు పది రూపాయల లోపు తగాదాలను ఊళ్ళోనే తీర్చేవాడు. అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు, తీర్పు చెప్పేవాడు ముగ్గురూ ఒకే రచ్చబండ దగ్గర కూర్చునేవారు. ఆ ఏర్పాటులో అన్యాయం లేదని కాదు. షావుకారి మాటే చెల్లిన ఊళ్ళు చాలా ఉండి ఉంటాయి. అయినా కోర్టు కాగితం అనే భయం అంతగా లేదు.

1859లో దేశమంతటికీ కలిపి గడువు చట్టం చేశారు. అమల్లోకి వచ్చింది 1862 మొదట్లో. రిజిస్టరు కాని పత్రం మీద అప్పుకు మూడేళ్ళు, రిజిస్టరు అయిన దానికి ఆరేళ్ళు. ఉద్దేశం మంచిదే. ఏనాడో తీరిపోయిన అప్పుకు పాత కాగితం పట్టుకొని వచ్చి రైతును కోర్టుకు ఈడ్చకుండా ఉండాలి. సాక్షులు చచ్చిపోతారు, రసీదులు చెదలు తింటాయి, ఎవరు ఎంత కట్టారో జ్ఞాపకం ఉండదు. కాబట్టి అడగదలచుకున్నవాడు త్వరగా అడగాలి. ఈ మాట ఎవరు కాదంటారు?

కాదన్నది అనుభవం. గడువు పన్నెండు నుంచి మూడుకు తగ్గేసరికి షావుకారుకు రెండే దారులు మిగిలాయి. మూడేళ్ళలో దావా వేయడం ఒకటి, లేదా రైతు చేత కొత్త పత్రం రాయించుకోవడం. దావాకు స్టాంపు ఖర్చు, వకీలు ఫీజు. తిరగరాతకు ఖర్చు లేదు, పైగా వడ్డీ అసలవుతుంది. రైతుకు చదువు రాదు. "రాసి ఇస్తావా, కోర్టుకు పోదామా" అంటే వేలిముద్ర వేసేవాడు. రైతును కాపాడటానికి తగ్గించిన గడువే రైతును మూడేళ్ళకోసారి షావుకారి అంగడికి నడిపించింది. చట్టం చేసినవాళ్ళు దీన్ని ఊహించలేదు.

దీని ఫలితం పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో బయటపడింది. 1875 మే 12న పుణె జిల్లా సుపె అనే ఊళ్ళో సంతరోజు రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడ్డారు. అమెరికాలో అంతర్యుద్ధం ఉన్నన్నాళ్ళు మన పత్తికి ధర పెరిగి అప్పులు సులభంగా పుట్టాయి. 1865లో ఆ యుద్ధం ముగిసి ధర పడిపోయింది. పన్ను మాత్రం పెరిగింది. అప్పు పుట్టడం ఆగిపోయింది, పాత అప్పుకు కోర్టు తాఖీదులు వచ్చాయి. ఈ అల్లర్లలో గమనించవలసిన సంగతి ఒకటుంది. జనం అన్నిటికన్నా ముందు అడిగింది కాగితాలను. పత్రాలు, ఖాతా పుస్తకాలు వీధిలోకి తెచ్చి కాల్చారు. కాగితాలు ఇచ్చేసిన షావుకార్లను చాలాచోట్ల ఏమీ అనలేదు. రైతుకు శత్రువు ఎక్కడున్నాడో రైతుకు తెలుసు.

ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం నివేదికలో ఈ మూడేళ్ళ గడువు చేసిన చెరుపు గురించి స్పష్టంగానే రాశారు. దాన్నిబట్టి 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. పుణె, సతారా, షోలాపూరు, అహ్మద్‌నగర్ జిల్లాలకు అది వర్తించింది. అందులో గడువును మళ్ళీ పెంచారు. రిజిస్టరు పత్రానికి 12 ఏళ్ళు, తక్కిన వాటికి 6 ఏళ్ళు. బాకీదారుకు మేలు చేయాలని షావుకారుకు ఎక్కువ వ్యవధి ఇచ్చారు! వినడానికి తలకిందులుగా ఉంది కానీ తొందర లేని షావుకారు తిరగరాత అడగడు అన్నది వాళ్ళ లెక్క. అంతేకాదు, కోర్టు కాగితంలో ఉన్న అంకెను నమ్మకుండా లావాదేవీని మొదటినుంచి తవ్వి చూడాలని కూడా ఆ చట్టం చెప్పింది. మా తాత ఐదు నోట్లను అలాంటి జడ్జి చూసి ఉంటే 1961 నాటి 300 దాకా వెళ్ళేవాడు.

షోలాపూరు పేరు వినగానే మన శ్రోతల్లో కొందరికి బంధువులు గుర్తొస్తారు. తెలంగాణ నుంచి మగ్గాలు ఎత్తుకొని వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఆ చట్టం పేరులోనే వ్యవసాయదారు అని ఉంది. నేత మీద బతికేవాడు వ్యవసాయదారు కాడు. నూలు కోసం అప్పు చేసిన సాలెవానికి పాత మూడేళ్ళ గడువే, పాత తిరగరాతే. ఒకే వీధిలో ఇద్దరికి రెండు న్యాయాలు.

మనవైపు సంగతి చూద్దాం. 1876 నుంచి 1878 దాకా వచ్చిన గొప్ప కరువులో బళ్ళారి జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. ఆ కరువు తర్వాత కూడా మద్రాసు రాష్ట్రంలో దక్కను చట్టం లాంటిది రాలేదు. దామ్‌దుపట్ న్యాయం కూడా మన కోర్టుల్లో లేదు. బొంబాయి రాష్ట్రంలో హిందువులకు అది నడిచింది, మద్రాసు హైకోర్టు మాత్రం ఒప్పుకోలేదు. గడువు చట్టాన్ని 1871లో, 1877లో, 1908లో తిరిగి తిరిగి రాశారు. మామూలు అప్పుకు మూడేళ్ళు మాత్రం కదలలేదు.

1930 తర్వాత ధాన్యం ధరలు కూలిపోయినప్పుడు అప్పు మోయలేని భారమైంది. పాత ధరల్లో చేసిన అప్పును కొత్త ధరల్లో తీర్చాలంటే రెండింతల గింజలు కొలవాలి. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. 1938 మార్చిలో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం చేశారు. ఆ చట్టం నేరుగా వడ్డీ మీద కత్తిపెట్టింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతా రద్దు. రైతు అప్పటికే అసలుకు రెండింతలు కట్టి ఉంటే మొత్తం అప్పే తీరినట్టు. ధర్మశాస్త్రంలోని పాత హద్దు, మద్రాసు హైకోర్టు కాదన్న హద్దు, శాసనసభ తలుపులోంచి మళ్ళీ లోపలికి వచ్చింది.

అప్పటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి మనకు ఆ మేలు అందింది. గంజాం, కోరాపుట్ తెలుగువారికి అందలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు వాళ్ళు అటు వెళ్ళారు. రెండేళ్ళ తేడాలో చట్టం తప్పిపోయింది. ఒరిస్సాలో 1939లో వడ్డీవ్యాపారుల చట్టం వచ్చింది, అది వేరే కథ. కోరాపుట్ కొండల్లోనయితే అప్పు కోర్టు దాకా వచ్చేదే కాదు. గోతి అనే పద్ధతిలో అప్పు తీరేదాకా మనిషే పనికి కట్టుబడి ఉండేవాడు. మనిషి శరీరమే తాకట్టు అయినచోట గడువు ఎవరికి కావాలి? స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఒరిస్సా ఆ పద్ధతిని రెగ్యులేషన్‌తో నిషేధించింది. దేశమంతటా వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో.

యానాం శ్రోతల కోసం ఒక్కమాట. ఫ్రెంచి సివిల్ కోడులో దావాలకు పెద్ద గడువు 30 ఏళ్ళు. గోదావరి ఏటికి ఇవతల కాకినాడ వైపు మూడేళ్ళు నడుస్తుంటే, కొద్ది మైళ్ళ దూరంలో ముప్పై అన్న మాట పుస్తకంలో ఉండేది. 1954 జూన్‌లో యానాం విముక్తమైంది. 1962 ఆగస్టులో అది చట్టరీత్యా మన దేశంలో చేరింది.

1953 అక్టోబరు 1న మన జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు. ఆలూరులో అప్పిచ్చినవాడు, సిరుగుప్పలో అప్పు తీసుకున్నవాడు రాత్రికి రాత్రి రెండు రాష్ట్రాల మనుషులయ్యారు. అటువాళ్ళు వడ్డీ అంటారు, కన్నడంలో బడ్డి, తమిళంలో వట్టి. అక్షరం మారుతుంది, లెక్క మారదు. కాలపరిమితి చట్టం కేంద్రానిది కాబట్టి మూడేళ్ళు మాత్రం ఇటూ అటూ ఒక్కటే. ఆ చట్టాన్ని కొత్తగా 1963లో రాశారు. 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పటికీ అదే.

ఇక ఆ చట్టం ఏం చెబుతుందో కాస్త నిలబడి చూద్దాం. ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నోటులో "మీరు కోరినప్పుడు చెల్లించగలను" అని ఉంటుంది. షావుకారు అడిగిన రోజునుంచి మూడేళ్ళు మొదలవుతాయని చాలామంది అనుకుంటారు. కాదు. కోరినప్పుడు చెల్లించే నోటుకు గడువు నోటు తేదీ నుంచే మొదలవుతుంది. ఫలానా తేదీకి కడతానని రాస్తే ఆ తేదీ నుంచి. చివరిరోజు కోర్టుకు సెలవైతే మళ్ళీ తెరిచిన రోజు వేయవచ్చు. స్థిరాస్తి తనఖా మీద ఇచ్చిన అప్పును ఆస్తి అమ్మించి వసూలు చేసుకోవడానికి 12 ఏళ్ళు. కోర్టు డిక్రీ ఇచ్చిన తర్వాత దాన్ని అమలు జరుపుకోవడానికి కూడా 12 ఏళ్ళు. కుదువ పెట్టిన బంగారం సంగతి వేరు. అది అతని చేతిలో ఉన్నంతకాలం కాలదోషం మిమ్మల్ని కాపాడదు, నోటీసు ఇచ్చి అమ్ముకోవచ్చు.

గడువు మళ్ళీ మొదటినుంచి నడవడానికి చట్టంలో రెండు తలుపులున్నాయి. గడువు లోపల "ఈ అప్పు నాదే" అని రాసి సంతకం పెట్టడం ఒకటి. గడువు లోపల అసలులోనో వడ్డీలోనో కొంత కట్టి, ఆ సంగతి కట్టినవాడి చేతిరాతలోనో సంతకంతోనో ఉండటం రెండోది. నోటు వెనక చెల్లు రాయించుకోవడం అంటే ఇదే. పది రూపాయల చెల్లు పడినా ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళు. అందుకే పాతకాలపు షావుకారు గడువు దగ్గరపడ్డాక "ఏదో అయిదో పదో ఇచ్చిపో" అని ఎంతో దయగా అనేవాడు.

గడువు దాటిపోయిన తర్వాత కొంత సొమ్ము కట్టినంత మాత్రాన చచ్చిన గడువు లేవదు. కానీ మూడో తలుపు ఒకటుంది. అది గడువు చట్టంలో లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షనులో ఉంది. కాలదోషం పట్టిన అప్పును కడతానని కాగితం మీద రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం. దాని మీద దావా చెల్లుతుంది. ఈ సంగతి నోరు తెరిచి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇంకో మాట. గడువు దాటితే అప్పు చచ్చిపోదు. కోర్టుకు వెళ్ళే దారి మాత్రమే మూసుకుంటుంది. సుప్రీంకోర్టు 1958లోనే ఈ మాట చెప్పింది. కాబట్టి మీ అంతట మీరు కట్టేస్తే తర్వాత తిరిగి అడగడానికి వీల్లేదు. బాకీదారు నోరెత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టే కొట్టివేయాలని చట్టంలోని మూడో సెక్షను. అయినా సమన్లు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోకండి. కోర్టుకు తేదీ చూపించేవాడు లేకపోతే కాగితంలో రాసిన తేదీయే తేదీ. ప్రభుత్వ సంస్థలకు కూడా ఇది వర్తిస్తుంది. కాలదోషం పట్టిన బాకీని రెవిన్యూ రికవరీ దారిన రాబట్టుకోవడం కుదరదని 1999లో కేరళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న ధర్మశాస్త్రపు బాధ్యతను కూడా, 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుల విషయంలో, కోర్టులు ఒప్పుకోకూడదని హిందూ వారసత్వ చట్టం సవరణలో వచ్చింది. తండ్రి వదిలిన ఆస్తి మేరకు బాధ్యత మిగులుతుంది, అంతే.

మా తాత నోట్ల దగ్గరికి వస్తాను. 1976లో ఆరో నోటు ఎందుకు లేదు? ఆ ఏడాది కర్ణాటకలో ఋణ విమోచన చట్టం వచ్చింది. చిన్న రైతుల, కూలీల, బలహీన వర్గాల పాత అప్పులు తీరిపోయినట్టే అన్నారు. మహారాష్ట్రలో అలాంటి చట్టాన్నే 1977లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆ కబురు రేడియోలోనే విన్నారని మా అవ్వ చెప్పేది. మా నాయన అప్పుడు పియుసి చదువుతున్నాడు. "చట్టం కొట్టేసింది గదా, ఇంక మనకు బాకీ లేదు" అన్నాడట. తాత ఒప్పుకోలేదు. "చట్టం కొట్టేసింది కాగితాన్ని. ఎద్దు నిజమే గదరా" అన్నాడట. 1977లో వడ్లు అమ్మి 300 రూపాయలు తీసుకెళ్ళి షావుకారి ముందు పెట్టాడు. 1,026 కాదు, 300. "తిరగరాతలు నీవి, ఎద్దు నాది" అని చెప్పి ఐదో నోటు వెనక్కి తెచ్చుకున్నాడు. ఈ కథను మా నాయన ఒకరకంగా చెప్పేవాడు, మా అవ్వ ఇంకోరకంగా చెప్పేది. 300 అంకె మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఇప్పుడు షావుకారు స్థానంలో ఫైనాన్సు కంపెనీలు వచ్చాయి. అంగడి దగ్గరకు మనం పోవడం లేదు, ఫోను మన ఇంటికి వస్తుంది. వసూలుకు వచ్చే కుర్రవాడు చాలావరకు కంపెనీ మనిషి కాడు, వసూలు ఏజెన్సీ మనిషి. ఏజెన్సీ ఏజెంటు మాత్రమే. దావా వేయవలసింది అప్పిచ్చిన సంస్థ. ఒకవేళ ఆ బాకీని ఇంకొక సంస్థ కొనుక్కుంటే అది దావా వేయవచ్చు. కానీ బాకీ చేతులు మారినంత మాత్రాన గడువు కొత్తగా మొదలు కాదు. గూండాలను పెట్టి వసూలు చేయడాన్ని సుప్రీంకోర్టు 2007లో గట్టిగా తప్పుపట్టింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. సూక్ష్మ ఋణాల వసూళ్ళలో బలవంతాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో ఆర్డినెన్సు వచ్చింది, కర్ణాటకలో 2025 ఫిబ్రవరిలో వచ్చింది. రెండూ కొన్ని ప్రాణాలు పోయాకే వచ్చాయి.

మా బడిలో ఒక అటెండరు ఉన్నాడు. పేరు చెప్పను. కూతురి పెళ్ళికి ఒక ప్రైవేటు ఫైనాన్సులో అప్పు చేశాడు. 2018 జూన్‌తో కంతులన్నీ అయిపోవాలి. ఆ ఫిబ్రవరి నుంచి కట్టలేకపోయాడు. కంపెనీ దావా వేయలేదు. 2024లో ఒక సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక ఒక కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "సార్, సంతకం పెడితే ఇంక ఫోన్లు రావంట. ఇంగ్లీషులో ఉంది. ఏముందో చెప్పండి" అన్నాడు.

చదివాను. మొత్తం బాకీ నాదేనని ఒప్పుకుంటున్నాను, ఆరు నెలల్లో కడతాను అని ఉంది. అంకె ఉండవలసిన చోట గీత మాత్రం ఉంది. నేను వేళ్ళమీద లెక్క పెట్టాను. 2018 జూన్ నుంచి మూడేళ్ళంటే 2021 జూన్. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువులో లెక్కించవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మధ్యలో గడువు ముగిసినవాళ్ళకు 2022 మార్చి 1 నుంచి కనీసం 90 రోజులు, మిగిలిన గడువు అంతకన్నా ఎక్కువైతే ఆ మిగిలిన గడువు ఇచ్చింది. అదీ దాటిపోయింది. ఆ కాగితం మూడో తలుపు. సంతకం పడితే తెరుచుకుంటుంది.

ఇదంతా అతనికి చెప్పాను. కట్టమనీ అనలేదు, కట్టొద్దనీ అనలేదు. అతను కాసేపు గంట స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు. "తీసుకున్నది నిజమే సార్. ఎంత తీసుకున్నా, ఎంత కట్టినా, ఎంత మిగిలిందో లెక్క తెమ్మనండి. లెక్క తెస్తే చూస్తా" అన్నాడు. ఆ మాటే ఫోనులో ఏజెన్సీ మనిషికి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

లెక్క ఇంతవరకు రాలేదు. ఆ కాగితం నా టేబులు సొరుగులో ఉంది, సంతకం చోటు ఖాళీగానే ఉంది.